ఆటకి వీపు పెట్టి కూర్చున్న మనిషి

వీడియోల్లో మామూలుగా కూత వినిపించదు. కాలేజీ కుర్రాళ్లు తమ ఆటని మాకు పంపేటప్పుడు దొరికిపోయిన రైడ్లన్నీ కత్తిరించేసి, పాయింట్లు తెచ్చినవి మాత్రం ఉంచి, వాటి మీద ఏదో ఒక హుషారు పాట అతికించేస్తారు. అలా చూస్తే అందరూ మొనగాళ్లే. ఆటగాళ్ల వేలం దగ్గర పడుతోంది కాబట్టి పొద్దుటి నుంచీ అలాంటివే చూస్తున్నాను. నేను పనిచేసే కబడ్డీ జట్టుకి ఈసారి కొత్త రైడర్ కావాలి. కాలేజీ ఆటగాళ్లలో ఎవరిని పిలవాలో, ఎవరిని వదిలెయ్యాలో తేల్చి రాసివ్వడం నా ఉద్యోగం. అనకాపల్లిలో మా మేడమీది గదిలో, బెల్లం లారీల హారన్లు వినబడకుండా హెడ్‌ఫోన్లు బిగించుకుని కూర్చున్నాను. ఒక వీడియోలో పాట లేదు. ఎవరో కోర్టు పక్కన నిలబడి ఫోనుతో తీసినట్టున్నారు. గాలి రొద, కుర్రాళ్ల అరుపులు, వాటి మధ్య "కబడ్డీ కబడ్డీ" అంటూ ఎక్కడా ఆగని ఒక సన్నటి కూత. కుడి కార్నర్ దగ్గరికి వెళ్లేసరికి ఆ కూత రెప్పపాటు తెగి మళ్లీ అందుకుంది. నా చెయ్యి దానంతటదే వెళ్లి వీడియో ఆపేసింది. సత్తార్ గారు పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నట్టనిపించింది.

ఆయన్ని మీరు ఎరగరు కాబట్టి ముందు ఆ కుర్చీ సంగతే చెప్పాలి. సత్తార్ గారు వయసులో ఉండగా రైల్వే జట్టుకి రైడర్. రిటైరయ్యాక మా జట్టు ఆయన్ని ఆటగాళ్లని ఎంచే పనిలో పెట్టుకుంది. ఎక్కడ పోటీలు జరిగినా వెళ్లేవారు. కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, దాన్ని అటు తిప్పి, ఆటకి వీపు పెట్టి కూర్చుని కళ్లు మూసుకునేవారు. మొదటి సగం అంతా అంతే. విరామం అయ్యాక కుర్చీ ఇటు తిప్పుకుని మిగతా ఆట కళ్లారా చూసేవారు. కుర్రాళ్లు చాటుగా ఆయన్ని "వీపు సార్" అనేవారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, లోపల కాస్త గర్వం కూడాను. "కాళ్లకి నేర్పొచ్చు, చేతులకి నేర్పొచ్చు. ఊపిరి మాత్రం ఎవడిది ఆడిదే" అనేవారు. కూత ఎక్కడ జోరందుకుందో, ఎక్కడ సన్నబడిందో విని, రైడర్ కోర్టులో ఏ మూల ఉన్నాడో, వాడి మనసులో ఏముందో కూడా చెప్పేసేవారు. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది. అందుకే ఆయన మాటకి మా జట్టులో ఎదురుండేది కాదు.

నేను ఆయన్ని మొదట చూసినప్పుడు ఆ వీపు చూసి ఒళ్లు మండింది. అమ్మాయిల కాలేజీ పోటీల్లో ఫైనల్ ఆడి ఓడిపోయాం. జుట్టు నిండా మట్టితో తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లి, "మా ఆట చూడ్డానికి కూడా పనికిరాదా సార్, అటు తిరిగి కూర్చున్నారు?" అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. "నీ పేరు రత్నం కదా. దొరికిపోయి బయట కూర్చుని మళ్లీ లోపలికొచ్చేవు చూడు, అప్పుడు ఏడుపు ఆపుకుంటా కూతకెళ్లేవు. అవునా, కాదా?" అన్నారు. నిజమే. మా పక్కనున్న వాళ్లకి కూడా తెలియని సంగతది. అప్పుడాయన మెల్లగా, "నీ కాళ్లు నెమ్మదమ్మా. ఆటలో ఇంక పైకి వెళ్లలేవు. నీకు అబద్ధం చెప్పి ఏటి లాభం? కానీ ఆట నీకు తెలుస్తంది. నాతో పని చేస్తావా?" అన్నారు. ఒక మాటతో నా ఆట తీసేసుకుని, ఇంకో మాటతో బతుకుతెరువు చూపించారు. ఆ రెండింటికీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా నాకు ఇవ్వలేదు.

మాది అనకాపల్లి పక్కనున్న తుమ్మపాల. చెరకు, వరి తప్ప మా ఇంట్లో ఇంకో ఊసు ఉండేది కాదు. "ఆడపిల్ల ఊరూరా తిరిగి మగపిల్లల ఆట సూడ్డమేటి?" అని మా నాన్న ససేమిరా అన్నాడు. సత్తార్ గారు తన భార్య మెహరున్నీసా గారిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. ఆవిడ మా అమ్మతో వంటింట్లో కూర్చుని, "నేను కూడా వెంట వెళ్తుంటాను, మీకెందుకు బెంగ" అని చెప్పి ఒప్పించింది. అన్నట్టుగానే మొదటి ఏడాది ఆవిడ మాతో తిరిగింది. ఆటంటే ఆవిడకి చచ్చే విసుగు. స్టీలు డబ్బాలో చపాతీలు పెట్టుకొచ్చి, చెట్టు నీడలో కునుకు తీసేది.

ఇక గోవింద సంగతి. దేవరాపల్లి దగ్గరి పల్లెటూరి కుర్రాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాళ్లకున్నది కొద్దిపాటి చెరకు పొలం. ఆ ఏడు వేలానికి ముందు మా వైపు ఎక్కడ కబడ్డీ మాటొచ్చినా అతని పేరే వినబడేది. పెద్ద ఆటలోకి వెళ్లడానికి అతనికున్నది ఒకే ఒక దారి. ఏదో ఒక జట్టు పిలిచి, ఆడించి చూస్తేనే పేరు వేలం దాకా వెళ్తుంది. ఆ ఏడు మా ప్రాంతానికి వచ్చింది మా జట్టు ఒక్కటే. అంటే సత్తార్ గారు ఊ అంటే అతని బతుకు ఒకలా ఉంటుంది, ఊహూ అంటే ఇంకోలా ఉంటుంది. కాలేజీ పోటీల ఫైనల్ రోజు గోవింద వాళ్ల నాన్న ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, జనంలో అందరికంటే ముందు నిలబడ్డాడు.

సత్తార్ గారు ఎప్పటిలాగే వీపు పెట్టి కూర్చున్నారు. కాసేపటికి నన్ను పిలిచి, "రత్నం, విన్నావా? ఎడం కార్నర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ కుర్రోడి కూత తెగిపోతంది" అన్నారు. నేనూ కళ్లు మూసుకుని విన్నాను. నిజమే. అంపైర్ పట్టుకోలేనంత చిన్న విరుపు. కుడివైపు వెళ్తే కూత నిక్షేపంలా ఉంది. రెండో సగంలో కుర్చీ తిప్పి చూశాం. ఎడం వైపు వెళ్లేసరికి ఒళ్లు దగ్గరికి ముడుచుకుని వెనక్కి వచ్చేస్తున్నాడు. "భయం. అక్కడెవడో ఒకసారి గట్టిగా పట్టుంటాడు. మనసులో ఉండిపోయింది. పెద్ద ఆటలో అవతలోళ్లు దీన్ని ఇట్టే కనిపెట్టేస్తారు" అన్నారు. ఆట అయ్యాక గోవింద వచ్చి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాడు. ఆయన వీపు తట్టి, "బాగా ఆడేవు" అని చెప్పి కారెక్కారు. మంచి రైడరే గాని ఎడమ వైపు భయం ఉంది, వద్దు అని నా చేత మా జట్టుకి రాయించారు. గోవిందకి పిలుపు రాలేదు.

మళ్లీ చెరకు నరికే రోజులొచ్చాయి. ఒకరోజు పొద్దున్నే సత్తార్ గారితో బెల్లం మార్కెట్‌కి వెళ్లాను. మెహరున్నీసా గారు మంచి బెల్లం తెమ్మన్నారు. దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. కొనేవాళ్లు ఒక్కో దిమ్మ దగ్గర ఆగి, చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుని చూస్తున్నారు. మా వెనకనుంచి ఎవరో బరువు మోసుకొస్తూ "తప్పుకోండి తప్పుకోండి తప్పుకోండి" అంటున్నారు. ఊపిరి ఎక్కడా ఆగలేదు. ఎడం వైపు సందులోకి తిరిగినా ఆగలేదు. సత్తార్ గారు ఉన్నచోటే నిలబడిపోయారు. ఇంకా వెనక్కి తిరగలేదు. "గోవింద" అన్నారు నాతో. వెళ్లి చూస్తే అతనే. భుజం మీద బెల్లం దిమ్మ. మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఇటు తిరిగినా ఊపిరి ఆగట్లేదే ఇప్పుడు?" అని అడిగారాయన.

"ఇప్పుడు బాగానే ఉంది సార్. ఆ ఫైనల్‌కి ముందు లారీకి సెరుకెత్తుతుంటే కట్ట జారి మీద పడిపోనాది. ఎడం పక్క ఎముక సిట్లిందన్నారు. అటు తిరిగితే సాలు, పేణం పోయినట్టుండేది."

"మరి చెప్పలేదేటి?"

"మా కాలేజీలో ఆటలాడించే పీడీ సార్‌కి సెప్తే ఆటలోంచి తీసేత్తారని బయపడిపోనాను." గోవింద దిమ్మని భుజం మార్చుకున్నాడు. "మీకయితే సెప్పేద్దును సార్. మీరు అడగనేదు."

ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బాగుండేది, ఆయన ఏదో ఒక జవాబు చెప్పుకునేవారు. ఇంకా ఆడుతున్నావా అని నేనడిగాను. "మానేసేనక్కా. గ్రౌండుకెల్తే బయంగోడొచ్చేడు అంతన్నారు" అన్నాడు. మేం రాసిన ఆ ఒక్క మాట ఎవరి నోటి నుంచి జారిందో గాని, దేవరాపల్లి దాకా వెళ్లిపోయింది. అతన్ని ఆటకి దూరం చేసింది చిట్లిన ఎముక కాదు, ఆ మాట. ఆ రోజు మేం బెల్లం కొనకుండానే ఇంటికొచ్చేశాం.

తర్వాత ఆయన మా జట్టు వాళ్లని బతిమాలారు. ఒకసారి పిలిచి చూడండి, పొరపాటు నాది అన్నారు. ఏడాదిగా ఆడని వాడు మాకెందుకు, కొత్తవాళ్లు బోలెడుమంది ఉన్నారు కదా అన్నారు వాళ్లు. మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు. అప్పుడు నాతో, "అమ్మవారి పండక్కి గోవింద వాళ్ల ఊళ్లో పోటీలు పెడతారంట. వెళ్దాం" అన్నారు. వెళ్లాం. ఊరంతా కోర్టు చుట్టూ ఉంది. ఆట మొదలవబోతుంటే ఆయన వ్యాఖ్యానం చెప్పే అతని చేతిలోంచి మైకు అందుకున్నారు.

"నా పేరు సత్తార్. మీ గోవిందకి భయమని రాసింది నేనే. ఆ రోజు ఆ పిల్లోడు ఎముక చిట్లి కూడా ఆడేడు. నేను ఒక్క మాట అడక్కుండా రాసేసేను. తప్పు నాది, ఆడిది కాదు" అన్నారు. మైకు ఇచ్చేసి, ఆటలోకి దిగే కుర్రాళ్లు చేసినట్టే వంగి, కోర్టు మట్టి తాకి కళ్లకద్దుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, లేవడానికి నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోవింద వాళ్ల నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గోవింద చేతులు కట్టుకుని అవతలి గట్టు మీద నిలబడ్డాడు గాని, ఆ రోజు కోర్టులోకి దిగలేదు. తర్వాత కూడా దిగలేదు. మేం బయల్దేరేటప్పుడు మాత్రం రెండు సోడాలు పట్టుకుని కారు దగ్గరికి వచ్చి, "ఇంత దూరం ఎందుకొచ్చేరు సార్" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. క్షమాపణ చెప్పుకుంటే పోయింది తిరిగి వస్తుందని ఎక్కడో ఆశపడ్డాను కాబోలు.

ఆ తర్వాత సత్తార్ గారు కుర్చీ తిప్పడం మానలేదు. చెవిని నమ్మడమూ మానలేదు. కాకపోతే ఆట అయ్యాక ఆ కుర్రాణ్ణి పీడీలకి దూరంగా తీసుకెళ్లి, టీ ఇప్పించి అడిగేవారు. ఒంట్లో ఎలా ఉంది, నిద్ర పడుతోందా, ఇంట్లో అందరూ బాగున్నారా అని. కుర్రాళ్లు మొదట బిగుసుకునేవారు. ఆయన టీ చల్లారిపోయేదాకా ఓపిగ్గా కూర్చునేవారు. ఆ మాటలన్నీ అయ్యాకే నన్ను రాయమనేవారు. ఒకసారి ఎవరి గురించో నేను భయం అన్నాను. "ఆ మాట రాయకమ్మా. అలా తోస్తే ముందు ఆణ్ణే అడుగు" అన్నారు. అంతకుమించి ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

కిందటి వానాకాలం ఆయన పోయారు. ఇంట్లో మెహరున్నీసా గారి పక్కన నేనూ, మిగతా ఆడవాళ్లమూ ఉండిపోయాం. గోవింద మార్కెట్ నుంచి పనిబట్టలతోనే వచ్చి, మగవాళ్లతో కలిసి జనాజాకి భుజం పట్టి సమాధుల దాకా వెళ్లాడు. తిరిగొచ్చాక కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. బెల్లం జిగురు మీద సమాధి మట్టి పట్టేసి ఒక పట్టాన వదల్లేదు. నేను తువ్వాలిచ్చాను. "సార్ సెవి తప్పు కాదక్కా. నా ఎముక సిట్లిన సంగతి ఆ జనంలో ఇన్నది ఆయనొక్కడే. అదేటన్నదే పోల్చుకోలేపోనాడు" అన్నాడు. ఇంతకంటే బాగా ఆయన్ని తెలిసిన మనిషి ఇంకొకరు లేరనిపించింది.

ఆపేసిన వీడియో ముందు చాలాసేపు కూర్చున్నాను. కుడి కార్నర్ దగ్గర తెగిన ఆ కూత గురించి రాయడానికి నాకు మాట సిద్ధంగానే ఉంది. రాస్తే క్షణంలో అయిపోయేది. ఆ కుర్రాడి నంబరు వెతికి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పేసరికి గొంతులో కంగారు. "కుడి కార్నర్ దగ్గర నీ కూత ఆగింది బాబూ. ఎక్కడైనా నొప్పా?" అని అడిగాను.

అవతల ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది. నేను కదలకుండా వింటూ కూర్చున్నాను.

"నొప్పేటీ నేదు మేడం" అన్నాడు చివరికి. "బయమేసింది. కిందటి మ్యాచిలో ఆ మూలే నా మెడ మీద పడిపోనారు. అటెల్తే అదే గుర్తొత్తంది." ఆ వెంటనే, "రాసేత్తారా మేడం?" అన్నాడు.

"రాస్తాను. వచ్చే వారం అనకాపల్లి రా, నా ముందు ఆడుదువుగాని" అన్నాను.

ఫోన్ పెట్టేసి రాశాను: కుడి కార్నర్ దగ్గర కూత తెగుతోంది. ఎందుకని అడిగాను. దాచకుండా చెప్పాడు. పిలిచాను. ఆ తర్వాత కుర్చీని గోడవైపు తిప్పుకుని, కళ్లు మూసుకుని, ఆ కూతని మళ్లీ మొదటి నుంచి విన్నాను.