మౌనిక వేసిన మస్కట్ లెక్క

దయ్యాలన్నా జోస్యాలన్నా నవ్వేసే మనిషిని నేను. వికారాబాద్‌లో పద్నాలుగేళ్లుగా సోషల్ పాఠాలు చెబుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయిన వానాకాలం మా చెల్లెలు సునీత మస్కట్ నుంచి సెలవు మీద వస్తోంది. అక్కడ నర్సు. టికెట్ నేనే తీశాను, కిటికీ పక్క సీటు కూడా నేనే ఎంచాను. విమానం కదులుతోందని మెసేజ్ పెట్టేసరికి మన టైము పదకొండున్నర.

పన్నెండుకు నాకు ఎనిమిదో తరగతి. చెల్లెలు వస్తోందన్న హుషారులో ఆ ప్రయాణాన్నే లెక్కగా ఇచ్చాను. గ్లోబు మీద మస్కట్ నుంచి హైదరాబాద్ దాకా దారం పెట్టి కొలిచాం. సుమారు రెండు వేల రెండు వందల కిలోమీటర్లు. గంటకు ఎనిమిది వందలు పోతే ఎంతసేపు?

అందరూ మూడు గంటలకు కాస్త తక్కువ అని రాశారు. మౌనిక ఒక్కతే ఐదు గంటలని రాసింది. పూడూరు వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే పిల్ల, లెక్క తప్పేది కాదు. భాగహారం సరిగ్గానే చేసి, జవాబు కొట్టేసి పక్కన ఐదు వేసింది.

"ఐదెట్లొచ్చింది బిడ్డా?" అన్నాను.

"పైన్నే తిరుగుతది టీచర్. మబ్బుల దిగనియ్యరు, వేరే ఊర్ల దిగుతది." కాస్త ఆగి, నెమ్మదిగా, "కిటికి కాడ కూసున్నామె లేవదు" అంది.

సీటు సంగతి బడిలో ఎవరికీ చెప్పలేదు. పిల్లలంతా బిక్కచచ్చి నా వైపే చూస్తున్నారు.

రెండున్నర దాటింది. సునీత ఫోన్ కలవడం లేదు. తాండూరులో బండల పాలిషింగ్ చేసే మా మరిది రమేశ్ అప్పటికే ఎయిర్‌పోర్టులో ఉన్నాడు. "ఈడ వాన దంచుతుంది వదినా. లేటంటున్నరు, ఎంతనేది చెప్తలేరు" అన్నాడు. స్టాఫ్ రూంలో కూర్చోలేకపోయాను. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

నాలుగూ నలభైకి సునీత ఫోన్. ఏడుస్తోంది.

"బెంగుళూర్ల దింపిన్రక్కా. నా పక్కన పెద్దామె సచ్చిపోయింది. కిటికి కాడ కూసుంటనంటె నా సీటిచ్చిన. నిద్రపోయిందనుకున్నం, లేపితే లేవలే."

చెల్లెలు బతికిందన్న సంతోషం కన్నా ముందు మౌనిక మాటే గుర్తొచ్చింది.

మర్నాడు మౌనికను పిలిచి, నిన్న ఆ మాట ఎందుకన్నావని అడిగాను. పిల్ల భయపడిపోయింది.

"నేనేమనలే టీచర్. మీరే అన్నరు. ఐదని రాయుమన్నది గూడ మీరే."

అబద్ధమనుకున్నాను. పక్క పిల్లలను ఒక్కొక్కరినే బయటికి పిలిచి అడిగాను. అందరూ అదే చెప్పారు. గ్లోబు మీద చెయ్యి వేసి, కిటికీలోంచి చూస్తూ, "కిటికి కాడ కూసున్నామె లేవదు" అన్నది నేనేనట. మౌనిక అసలు నోరు తెరవలేదట.

నాకు మాత్రం ఆ పిల్ల గొంతే వినిపించింది. ఇప్పటికీ వినిపిస్తుంది.

సునీత ఈ మధ్య మళ్లీ సెలవు పెట్టింది. విమానం ఎన్ని గంటలకు దిగుతుందని రమేశ్ అడిగితే, ఏం చెబుతానో నాకే తెలియక ఫోన్ పెట్టేశాను.