మనోళ్ళెవరు సార్?

మా సారు పోయారని పోయిన ఆదివారం పొద్దున తెలిసింది. మల్కాజ్‌గిరి మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే పాత క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేసి చెప్పాడు. తార్నాకలో వాళ్ళింట్లోనే, నిద్రలోనే పోయారట. "మంచి మనిషిరా" అన్నాడు వాడు. నేను ఊఁ అన్నాను గానీ లోపల మండింది. ఆయన బతికుండగా ఆ మాట అనడానికి వీడికి నోరు రాలేదు, నాకూ రాలేదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నాకు ఆ విద్య రాదు కనుక ఉన్నదున్నట్టు చెప్తాను.

ఆయన మాకు యూనివర్సిటీ చరిత్ర శాఖలో యుద్ధ సినిమాలు చూపించి పాఠం చెప్పేవారు. తెల్లదొరలు ఆఫ్రికాలోనో, మన సరిహద్దు కొండల్లోనో చేసిన యుద్ధాల మీద వాళ్ళకు వాళ్ళే తీసుకున్న సినిమాలు. నాలాంటి తెలుగు మీడియం వాళ్ళకు ఆ ఇంగ్లీషు అందేది కాదు. అందుకని ఆయన తెర పక్కన నిలబడి, బుగ్గన లవంగం పెట్టుకుని, చీకట్లో నెమ్మదిగా తెలుగులో చెప్పుకుంటూ పోయేవారు. మధ్యలో ఏదైనా వివరించాలంటే ప్రొజెక్టర్ కట్టేసేవారు కాదు, జేబురుమాలు తీసి దాని ముందు వేలాడదీసేవారు.

ఆ సినిమాలంటే నాకు అప్పుడూ ఒళ్ళుమంటే, ఇప్పుడూ ఒళ్ళుమంటే. గెలిచినా దొరే వీరుడు, ఓడినా దొరే వీరుడు. గెలిస్తే జెండా ఎగురుతుంది, ఓడితే ఏడుపు సంగీతం మోగుతుంది. తమ నేల కోసం కొట్లాడి గెలిచినవాళ్ళేమో చీమలదండులా వస్తారు, పోతారు, ఒక్కడికీ పేరుండదు. "ఎవడు చచ్చాడో కాదు, చచ్చేముందు ఎవడికి దాహమేసిందో చూడండి" అనేవారు సారు. చూస్తే నిజమే, మంచినీళ్ళు అడిగేవాడు ఎప్పుడూ దొరల సిపాయే. ఆ ఒక్క మాటతో నాకు సినిమా చూడటం వచ్చింది. ఇప్పుడు నా విద్యార్థులకు నేనూ అదే చెప్తున్నాను, నా సొంత తెలివి అన్నట్టు.

అయినా ఆయనంటే నాకు పడేది కాదు. కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. రాష్ట్రం విడిపోకూడదన్న తన అభిప్రాయాన్ని ఆయన దాచుకునేవారూ కాదు. అదైనా ఓర్చుకునేవాణ్ణేమో. నేను క్లాసులో "అయితది" అంటే ఆయన తనలో తాను అనుకున్నట్టు "అవుతుంది" అనేవారు. "వస్తున్నరు" అంటే "వస్తున్నారు". వెక్కిరింత కాదు, అలవాటు. కానీ మా అమ్మ మాటను ఎవరో ఎర్రసిరాతో కొట్టేసినట్టు ఉండేది నాకు.

ఉద్యమం ముదిరిన రోజులవి. గేటు దగ్గర పోలీసులు, కళ్ళలో టియర్ గ్యాస్ మంట, హాస్టల్లో మీటింగుల మీద మీటింగులు. అలాంటి ఒక సాయంత్రం ఆయన ఒక కోట సినిమా వేశారు. కొద్దిమంది తెల్ల సిపాయిలు గోడల మధ్య చిక్కుకున్నారు, చుట్టూ వేలమంది కొండవాళ్ళు. సారు ఎప్పటిలాగే చెప్పుకుంటూ పోతూ, "మనవాళ్ళ దగ్గర తూటాలు అయిపోతున్నాయి" అన్నారు.

నేను లేచాను. "మనోళ్ళెవరు సార్?" అన్నాను.

బల్లలు మోగాయి. ఆంధ్రోళ్ళకు దొరలే మనోళ్ళని వెనక నుంచి ఎవరో అరిచారు. సారు రుమాలు అడ్డం పెట్టి, పొరపాటున నోరు జారిందని చెప్పబోయారు గానీ వినేవాళ్ళెవరు? అక్కడే హాలు మెట్ల మీద కూర్చుని నేను కరపత్రం రాశాను, ఆయన క్లాసులు బహిష్కరించాలని. నల్లకుంటలో ఒక ప్రెస్సుకు ఇచ్చి వచ్చాం.

మర్నాడు ఆయన నన్ను ఒక్కణ్ణే హాలుకు రమ్మని కబురు పెట్టారు. క్షమాపణ అడుగుతారు కాబోలు, చచ్చినా చెప్పకూడదని పళ్ళు బిగించుకుని వెళ్ళాను. ఆయన అదే సినిమా వేసి, శబ్దం కట్టేసి, నన్ను చెప్పమన్నారు. మీ మాటలోనే చెప్పు అన్నారు.

మొదలుపెట్టాను. కొండలోళ్ళు దిగుతున్రు అన్నాను. గోడ మీద తుపాకులు పెట్టిన్రు, ఒకడు నీళ్ళకు పోతున్నడు, ఆనికి తూటా తాకింది అన్నాను. ఆయన ఒక్క మాట కూడా దిద్దలేదు. ఆ హుషారులో జోరు పెంచాను. "మనోళ్ళు తలుపు మూస్తున్రు" అన్నాను.

నా గొంతు నాకే వినబడి ఆగిపోయాను. ఆయన నవ్వలేదు.

"కెమెరా గోడకి లోపలుందయ్యా," అన్నారు. "లోపల నిలబడి చూసేవాడికి లోపలివాళ్ళే మనవాళ్ళు. నిన్న నేను పడ్డాను, ఇవాళ నువ్వు పడ్డావు. ఈ సంగతి బయట చెప్తావా?"

"చెప్పను సార్. చెప్తే నన్నెవడు నమ్మడు."

ఆయన "సరే, నేనూ చెప్పనులే" అన్నారు.

అక్కణ్ణుంచి తిన్నగా నల్లకుంట వెళ్ళి కరపత్రాలు తెచ్చాను. ఆపాలనుకుంటే ఆపగలిగేవాణ్ణే. ఆపలేదు. నా చేత్తోనే నోటీసు బోర్డు మీద అంటించాను. యూనివర్సిటీకి సెలవులిచ్చేదాకా, మూడు వారాలు, ఆయన క్లాసుకు ఒక్కరూ వెళ్ళలేదు. ఒక్క మాటతో నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయగలిగిన మనిషి నోరు మెదపలేదు. అందుకు నాకు కృతజ్ఞత కలగలేదు, కోపం రెట్టింపైంది. తెలంగాణ కావాలన్నది తప్పని నేను అనడం లేదు, అది అప్పుడూ ఇప్పుడూ నా మాటే. కానీ ఆ కరపత్రం తప్పు, తప్పని తెలిసే అంటించాను.

తర్వాత ఎన్నో ఏళ్ళకు తార్నాక చౌరస్తాలో ఎదురుపడ్డారు. ఎలా ఉన్నావయ్యా అన్నారు. మంచిగున్న సార్ అన్నాను. "బాగున్నాను" అని గొణిగారు, తన గురించి కాదు, నన్ను దిద్దడానికి. అప్పుడైనా క్షమించమని అడగవలసింది. ఆ గొణుగుడు సాకుగా పెట్టుకుని మొహం తిప్పుకుని వచ్చేశాను.

ఆయన పోయిన మూడోనాడు వాళ్ళింటికి వెళ్ళి, సారు భార్యకు జరిగినదంతా చెప్పాను. ఆవిడ కూర్చోమనలేదు, నిలబడే విన్నారు.

"గొడవ ఒక్కరోజుతో సద్దుమణిగిందన్నారే నాతో," అన్నారు. "రోజూ ఇంటికొచ్చి, పిల్లలు బాగా విన్నారనే చెప్పేవారు."

"ఎవ్వరు పోలేదమ్మా, మూడు వారాలు."

"మరి ఆయన అక్కడ ఏం చేసేవారు బాబూ?"

నాకు తెలుసు. అయినా ఆవిడకు చెప్పకుండానే వచ్చేశాను. ఇక్కడ చెప్తున్నాను. ఆయన టైముకు వచ్చి, కిటికీలు మూసి, సినిమా వేసి, తెర పక్కన తన చోట నిలబడేవారు. ఒకరోజు తలుపు సందులోంచి విన్నాను. లోపలివాళ్ళ దగ్గర తూటాలు అయిపోతున్నాయి, బయటివాళ్ళు కొండ దిగుతున్నారు అంటున్నారు, ఖాళీ బెంచీల వైపు తిరిగి, నెమ్మదిగా.