ఆరు బూడిద రంగు బొమ్మలు

ఆలూరు నుంచి కర్నూలు వెళ్లే బస్సులో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని బొమ్మ దిద్దుతున్నాను. వైద్య పరిశోధన పత్రాల సారాంశాన్ని ఒక్క పేజీ బొమ్మగా గీయడం నా పని. ఆ పత్రం మోకాళ్ల నొప్పుల మందు గురించి. ఇరవై మనిషి బొమ్మలు గీశాను. పద్నాలుగు ఆకుపచ్చవి, మందు చివరిదాకా వాడినవాళ్లు. ఆరు బూడిద రంగువి, మధ్యలో మానేసినవాళ్లు. పత్రం రాసిన డాక్టరు అప్పుడే మెసేజ్ పెట్టారు: "ఆ ఆరూ తీసెయ్. పేజీ శుభ్రంగా ఉంటుంది."

మొదటిది చెరిపాను. పక్క సీట్లో మూట పట్టుకుని కూర్చున్న పెద్దామె తొంగి చూసింది.

"ఏమప్పా, ఆయమ్మను యాడికి పంపిస్తివి?"

సంగతి చెప్పాను. ఆమె ముఖం మారింది.

"మా ఊర్లోనూ ఇట్లే మాత్రలిచ్చిరి. రెండు నెలలు మింగితి. వానల్లేక సుగ్గికి పోతిమి, గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపే కూలికి. ఆడికి మాత్రలు తెచ్చిచ్చేదెవరు? తిరిగొస్తే, నువ్వు మానేసినావు పొమ్మనిరి. మానేసిందెవరప్పా? మోకాళ్లు ఇంగా నొస్తానే ఉండాయి."

రెండో బూడిద బొమ్మ మీద బొటనవేలు గట్టిగా ఆనించింది.

"ఇప్పుడు చెరుపు, చూస్తా."

వేలు తీయలేదు. చెరిపిన బొమ్మను వెనక్కి తెచ్చాను. కోడుమూరులో ఆమె దిగేలోపే డాక్టరుకు జవాబు పంపాను: "ఆరుగురూ ఉంటారు. తీయాలంటే ముందు నన్ను తీసేయండి."

ఆయన నన్నే తీసేశారు. ఇప్పుడు ఏ పత్రానికైనా నేను ముందు గీసేది బూడిద రంగు బొమ్మలే.