విభూతి పెట్టుకున్న చేపలు

మా బావకు తెలియని విషయం లేదు. బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో తెలుసు, మోకాళ్ల నొప్పికి ఏం పూయాలో తెలుసు, మేం కర్నూలులో ఎందుకు ఇలా చతికిలబడ్డామో కూడా తెలుసు. కడప నుంచి వచ్చిన ప్రతిసారీ ఇవన్నీ చెప్పి, మూడు పూటలా తినిపోతాడు. మా అక్క మొగుడు, ఇంటికి పెద్దల్లుడు. ఆయన ముందు మా ఇంట్లో ఎవరికీ నోరు లేవదు.

ఆయనకు చేపల గురించి కూడా తెలుసని పోయిన వానాకాలంలో తేలింది.

కర్నూలులోని కల్లూరులో మా ముందుగదిలో నా భార్య ఒక అద్దాల తొట్టి పెట్టుకుంది. అందులో రంగు తోకల గప్పీలు, నీలి చారల టెట్రాలు. గప్పీలు రెండుసార్లు పిల్లల్ని పెట్టి, రెండుసార్లూ అవే మింగేశాయి. మూడోసారి ఆమె నీళ్ల మీద తేలే ఆకులు తెచ్చి పరిచింది. పిల్లలు వాటి కింద దాక్కున్నాయి. కనురెప్ప వెంట్రుకంత ప్రాణాలు, పదిహేడు. పొద్దున లేస్తూనే కాఫీ కూడా పెట్టకుండా వాటిని లెక్కపెట్టుకునేది. "ఈసారి బతుకుతాయి, చూడు" అనేది.

సరిగ్గా ఆ వారమే బావ దిగాడు. దారిలో కేసీ కాలువ పక్కన కారు ఆపి బొరుగుల ఉగ్గాని తిన్నాడట. ఖాళీ అయిన క్యారియర్ గిన్నెతోనే గట్టు వార నాలుగు చేపల్ని పట్టాడట. వేలెడు పొడవు, మట్టి రంగు, పైకి తిరిగిన మూతి. వాటితోపాటు రెండు బొరుగులు కూడా తేలుతున్నాయి. ఒక్కోదానికి నెత్తి మీద ఒక తెల్లచుక్క.

"చూడప్పా, విభూతి పెట్టుకోనుండాయి. శానా సాధువులు. నీ అంగడి చేపల మాదిరి షోకులు లేవు వీటికి" అన్నాడు.

ఆ చేప సంగతి నాకు తెలుసు. కిల్లీ ఫిష్ అంటారనీ, నోట్లో పట్టేదల్లా మింగుతుందనీ చేపల అంగడాయన ముందే చెప్పాడు. నా భార్య నా వైపు చూసింది.

"బావా, ఇవి కిల్లీ చేపలంట. తొట్లో పిల్లలుండాయి" అని నసిగాను.

"కిళ్లీనా? వక్కాకు నములుతాయేమప్పా?" అని నవ్వి, గిన్నె వంచబోయాడు.

"సరేలే బావా" అన్నాను.

తొట్టిలో పడగానే అవి నేరుగా పైకి పోయి ఆకుల కింద పుల్లల్లా కదలకుండా నిలబడ్డాయి. పిల్లలు దాక్కోవాలని మేం పరిచిన ఆకులే. "ధ్యానం జేస్తాండాయి" అన్నాడు బావ. కాసేపటికి వాటిలో రెండు మగవి మొప్పలు విప్పుకుని ఒకదాని తోక ఒకటి చించుకున్నాయి. "ఆడుకుంటాండాయిలే" అన్నాడు. ఇంత గుడ్డితనం మనిషికి ఎలా అబ్బుతుందో! సాయంత్రానికి టెట్రాలన్నీ ఒక మూలకు చేరి వణుకుతున్నాయి. తెల్లారేసరికి ఆకుల కింద ఒక్క పిల్ల లేదు.

బావ తొట్టిలోకి తొంగిచూశాడు. "అంగడి చేపలకు సత్తువ యాడుంటాది?" అని తీర్పు చెప్పి, నాలుగు దోసెలు తిని, మంత్రాలయం దర్శనానికి బయల్దేరాడు.

కారు మలుపు తిరగ్గానే నేను మొదలుపెట్టాను. ఆయన తెలివిని, విభూతిని, క్యారియర్ గిన్నెని, ఒక్కటీ వదలకుండా తిట్టాను. నా భార్య తొట్టిలోంచి ఆకులు ఏరి బకెట్లో వేస్తోంది. నేను అలిసిపోయేదాకా ఆగింది.

"అన్న పోయినాక వచ్చెనా నీకు నోరు?" అంది. "చేపకు ఆకలైంది, తినింది. అన్నకు తెలీదు, వేసినాడు. నీకు తెలుసు కదా?"

ఆమె చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఆ తొట్టి ముందు నిలబడటం మానేసింది. మేత నేనే వేస్తున్నాను. నేను దగ్గరికి వెళ్తే చాలు, నాలుగు తెల్లచుక్కలు పైకొచ్చి వరసగా నిలబడతాయి. వాటిని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

నిన్న బావ ఫోన్ చేశాడు. వచ్చే వారం వస్తున్నాడట. "నాలుగే ఉండాయి కదా, ఇంకో నాలుగు పట్టకొస్తాలే" అన్నాడు.

నా భార్య పక్కనే బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆపి నా ముఖంలోకి చూసింది.

"సరేలే బావా" అన్నాను.