జోడెడ్లా, ఎకరం చెలకా

అరవైల చివర మా నాయన జోడెడ్లనిచ్చి ఎకరం చెలక కొన్నాడు. పటాన్‌చెరు దగ్గర పక్క ఊరి రైతుది ఆ భూమి. సాదా కాగితం మీద ఇద్దరూ వేలిముద్రలు వేశారు. ఎడ్లను అతను ఆ రోజే తోలుకుపోయాడు, భూమి మాత్రం కోతలయ్యాక ఇస్తానన్నాడు. ఈలోపు చుట్టుపక్కల ఫ్యాక్టరీల కోసం భూములు కొలవడం మొదలైంది. కోతలయ్యాయి, అతని మాట మారింది.

సంగారెడ్డిలో దావా వేశాం. మా వకీలు మంచివాడే, ఓపికే తక్కువ.

"భూమి కావాల్నా, ఎడ్లు కావాల్నా? రెండిట్ల ఒకటే అడగాలె. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతవ్."

"ఎడ్లు రేపో మాపో ముసలివైతయి సార్. భూమే ఇప్పియ్యుండ్రి," అన్నాడు నాయన. కౌలు చేలు దున్నే మనిషి ఇంకేం అంటాడు?

రెండేళ్లు వాయిదాలతోనే గడిచాయి. మూడో ఏడు తొలకరి పడ్డ రోజు మేమిచ్చిన జోడులో ఒక ఎద్దు తాడు తెంపుకుని మా వాకిట్లోకి వచ్చేసింది. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. దాని కాళ్లు కడిగి, నొసట పసుపు కుంకుమ పెట్టి, కుడితి తాగించి కట్టేసింది. మర్నాడు ఆ రైతే రెండో ఎద్దును తోలుకొచ్చాడు.

"జోడి ఇడదీస్తే పాపం తలుగుతది చెల్లె. దీన్ని గూడ ఉండనియ్యి."

అమ్మ అతనికి చల్ల పోసి పంపింది. మనసు మారిందనుకుంది. నాయనా అదే అనుకుని, అదును పోతుందని ఆ ఎడ్లతో వారం రోజులు కౌలు చేను దున్నాడు. మా తెలివి తెల్లారినట్టే ఉంది! రెండోదాన్ని తోలుకురావడం అవతలి వకీలు నేర్పిన ఎత్తట. నాకిప్పటికీ ఆ రైతు మీదకన్నా మా అమాయకత్వం మీదే ఒళ్లు మండుతుంది.

సంగతి విని మా వకీలు తల పట్టుకున్నాడు. "ఎడ్లను కట్టేసుకున్నరా? దున్నిన్రా? ఇగ భూమి ఎట్ల అడుగుతవయ్యా!"

తిరిగి తోలేస్తామన్నాం. ఇక లాభం లేదన్నాడు.

కోర్టులో అవతలి వకీలు అమ్మను ఒక్కటే అడిగాడు, ఎడ్లను కట్టేసిందెవరని.

"నేనే కట్టేసిన సార్. ఇంటికొచ్చిన ఎద్దును ఎవలన్న ఎల్లగొడ్తరా?"

జడ్జి ఆ మాట రాసుకున్నాడు. ఇచ్చింది వెనక్కి తీసుకున్నారు కాబట్టి బేరం రద్దయినట్టేనని తీర్పు వచ్చింది. ఆ ఎకరం ఏదో ఫ్యాక్టరీ గోడ లోపలికి పోయింది.

నాయనకు కోపం ముక్కు మీదే ఉండేది. కూరలో ఉప్పు తగ్గితే కంచం విసిరేవాడు. కానీ తీర్పు విని తిరిగొచ్చేప్పుడు బస్సులోగానీ, ఆ తర్వాతగానీ ఎడ్ల గురించి అమ్మను ఒక్క మాట అనలేదు.

"ఒక్కసారి తిడ్తెనన్న నా పాణం నిమ్మలమైతుండె బిడ్డా," అనేది అమ్మ.

ఆయన తిట్టలేదు. తిట్టకుండానే పోయాడు.