ఏడో మంచం

మా అక్క మొండిఘటం. నేను నర్సుగా ఉన్న డయాలసిస్ సెంటర్లో ఏ పేషెంటు ఏ మంచం మీద, ఏ విడతలో అని చెప్పే ప్రోగ్రాం పంతొమ్మిదేళ్ళ కింద తనే రాసింది. నల్ల తెర, పచ్చక్షరాలు, మౌస్ ఊసే లేదు.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ నెల గడువిచ్చింది. చెబితే కోడు రాసిపెట్టే ఏఐతో దాన్నంతా కొత్తగా మార్చాలి. లేదంటే బయటివాళ్ళ సాఫ్ట్‌వేర్ వస్తుంది, అక్క ప్రింటర్లు బాగుచేసే విభాగానికి పోతుంది.

"ఈ వయసులో నాచేత ఓనమాలు దిద్దిస్తారా?" అని మూడు వారాలు మొహం మాడ్చుకుని కూర్చుంది.

"అయితే ప్రింటర్ల దుమ్ము దులుపుకో," అని కసిరాను. ఆ పని పోతే అక్క మనిషిలా ఉండదని నా భయం.

నాలుగో వారంలో పాత కోడంతా ఆ ఏఐ ముందు పెట్టింది. మధ్యాహ్నం వార్డుకి ఫోన్ చేసి ఒకటే నవ్వు. "అన్ని మంచాలకీ మూడు విడతలుంటే, ఏడోదానికి రెండే ఎందుకని అడుగుతోందే. మధ్యాహ్నం ఆ మెషిన్ వేడెక్కిపోతుందని తెలీదు పాపం, మహా తెలివైందట."

"అక్కా, ఆ మెషిన్ మార్చేసి ఎనిమిదేళ్ళయింది కదే."

ఎనిమిదేళ్ళుగా మధ్యాహ్నం ఆ మంచం ఖాళీగా ఉంటే, అలా ఉంచమని డాక్టరు చెప్పారేమో అనుకున్నాం మేము. మెషిన్ మారితే మేమే చెబుతాం కదా అనుకుంది అక్క. వెయిటింగు లిస్టులో ఉన్న బస్సు కండక్టరేమో డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు పక్క ఊరికి పోయొస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి కాసేపు ఏడ్చింది. "ఇన్నేళ్ళలో ఎందుకని నన్నెవరూ అడగలేదే. అదడిగింది," అంది. ముక్కు తుడుచుకుని లాప్‌టాప్ తెరిచింది.

ఆ వారమంతా ప్రతి నియమం దగ్గరా ఎందుకని దాని చేత అడిగించుకోవడం, జవాబు తెలియకపోతే ఫోన్ చేసి నా ప్రాణం తోడెయ్యడం. తెర మాత్రం నల్లగానే ఉంచింది, మా నర్సుల వేళ్ళకి అదే అలవాటని. గడువుకి ముందురోజు చూపిస్తే మేనేజరమ్మ మళ్ళీ ప్రింటర్ల మాటెత్తలేదు.

సోమవారం మధ్యాహ్నం కండక్టరు ఏడో మంచమెక్కాడు. అక్క తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఈ మంచం ఎప్పుడు ఖాళీ అయిందమ్మా?" అని అడిగాడాయన.

"ఎనిమిదేళ్ళ కింద," అంది అక్క. జరిగిందంతా దాచకుండా చెప్పేసింది.

ఆయన కాసేపు పైకప్పు వైపు చూశాడు. "నాకీ జబ్బొచ్చింది నిరుడేలెండి," అన్నాడు. తర్వాత పక్కనున్న స్టూలు చూపించి, "సీటు ఖాళీగానే ఉందిగా, కూర్చోండమ్మా," అన్నాడు.