జోలక్క పెన్సిలు పట్టుకుని కూర్చున్న రెండు రోజులు

హోటళ్ళూ పిల్లల ఆటల పార్కూ ఉన్న ఆ రిసార్టులో ఒకప్పుడు రెండు వందల పన్నెండు మంది బస్సు డ్రైవర్లుండేవారు. బ్రేకు వేసిన సంగతి తెలియకుండా బస్సు ఆపగలిగింది మాత్రం ఒక్క జోలక్కే. ఆమె బస్సెక్కిన మనిషి మూడో నిమిషానికి ఆవులించేవాడు, అయిదో నిమిషానికి పక్కవాడి భుజం వెతుక్కునేవాడు. ఒకసారి ఒక ఫుట్‌బాల్ జట్టు, గోల్‌కీపరుతో సహా, పదకొండు మందీ నిద్రపోయి కార్లు ఆపే మైదానం చుట్టూ నాలుగు చుట్లు తిరిగారట. నాలుగో చుట్టులో మెలకువ వచ్చిన కెప్టెను కళ్ళు నులుముకుంటూ “ఇంతకీ గెలిచామా?” అని అడిగాడట. ఏడుపు మానని పసిపిల్లల్ని ఎత్తుకుని, పార్కులో ఏ పనీ లేని తల్లులు కూడా ఊరికే ఆ బస్సెక్కి ఒక చుట్టు తిరిగి దిగిపోయేవారు. ఇందులో సగమే నిజమనుకున్నా నష్టం లేదు. మిగతా డ్రైవర్ల గురించి ఆ సగమైనా ఎవరూ చెప్పుకోలేదు. ఆమె అసలు పేరు జీతాల ఆఫీసుకీ మొగుడికీ తప్ప ఎవరికీ తెలియదు. మొగుడైనా కాస్త ఆలోచించి చెప్పేవాడు.

ఆ మొగుడిది ఇంకో లోకం. పార్కులో ఎలుగుబంటి, కుందేలు, కప్ప వేషాలు వేసేవాళ్ళుంటారు కదా, వాళ్ళ తలకాయలు ఉతికి ఆరేసే గదిలో అతని పని. పొద్దున్నే ఆ గది తలుపు తీస్తే నలభై తలలు తాళ్ళకు వేలాడుతూ ఒక్కసారిగా నవ్వుతాయి. పెళ్ళయిన కొత్తలో జోలక్క అది చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. తరువాత అలవాటైంది. మొగుడు అలిగినప్పుడు “నీకంటే ఆ కప్పే నయం, నవ్వుతూనే ఉంటుంది” అనేది.

జోలక్కకు బతుకులో ఉన్న కోరిక ఒక్కటే. లేక్ రూటు నడపాలి.

రిసార్టు వెనక, యంత్రాలతో తవ్వించిన సరస్సు ఒకటుంది. దాని అవతలి ఒడ్డున ఒక హోటలు. అక్కడికి వెళ్ళే రోడ్డు నీళ్ళ మధ్య కట్టిన గట్టు మీద పోతుంది. ఆ గట్టు ఎంత సన్నమంటే, రెండు బస్సులు ఎదురుపడితే రెండూ పొట్ట లోపలికి పీల్చుకోవాల్సిందే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, పని నేర్చుకొమ్మని ఆమెను ఆ రూటు నడిపే పెద్దాయన వెనక సీట్లో కూర్చోబెట్టారు. పొద్దున్నే మంచు. గట్టు కనబడలేదు. ఈ కిటికీలో నీళ్ళు, ఆ కిటికీలో నీళ్ళు. చక్రాల చప్పుడు కూడా ఎక్కడో తప్పిపోయింది. పార్కులోని కోట, ముందంతా రంగులూ వెనకంతా ఇనప కడ్డీలూ చెక్కలూ ఉండే ఆ కోట, తలకిందులుగా నీళ్ళలో నిలబడి మెల్లగా ఊగుతోంది. ఎక్కడినుంచో ఒక తెల్ల కొంగ వచ్చి, సరిగ్గా ఆమె కిటికీ ఎత్తున, బస్సుతో పాటే కొంత దూరం ఎగిరింది. ఆమెకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. దిగాక తన కాళ్ళు నేల మీద ఆనుతున్నాయో లేదో రెండుసార్లు చూసుకుంది.

అయితే రూటు అడిగితే ఇచ్చేది కాదు. ఆరు నెలలకోసారి డిపో గోడకు మంచం దుప్పటంత కాగితం అంటిస్తారు. దాని మీద గళ్ళు. ఒక్కో గడి ఒక్కో రూటు, ఒక్కో షిఫ్టు. సర్వీసులో అందరికంటే పెద్ద డ్రైవరు మొదటి నంబరు. ఆయన ముందుగా వచ్చి, దారానికి కట్టిన పెన్సిలు తీసుకుని, నచ్చిన గడిలో పేరు రాసుకుంటాడు. ఆయన రాశాకే రెండో నంబరు. ఆయన రాశాకే మూడు. చివరివాడికి ఎంపిక ఏమీ ఉండదు, మిగిలినదాన్ని నెత్తినేసుకోవడమే.

జోలక్క రెండు వందల పన్నెండో నంబరుతో మొదలుపెట్టింది. ఆమె వంతు వచ్చేసరికి లేక్ గడిలో ఎప్పుడూ ఎవరిదో పేరుండేది. ఆమెకు దక్కింది కార్లు ఆపే మైదానం చుట్టూ గానుగెద్దులా తిరిగే బస్సు. పదిహేడేళ్ళు తిరిగింది. ఒకరు రిటైరయ్యారు, ఒకరికి నడుము పట్టేసింది, ఆమె నంబరు ఒక్కో మెట్టూ ఎక్కింది. అందులో చివరి మూడేళ్ళలో మెట్లు లేవు, లిఫ్టే. బయట లారీలవాళ్ళు పిలిస్తే డ్రైవర్లు గుంపులు గుంపులుగా వెళ్ళిపోయారు. సరుకు ఏడవదు, ఫొటో తీయమనదు, దారిలో బాత్రూం అడగదు. మిగిలింది తొంభై మూడు మంది. వాళ్ళలో జోలక్క మొదటి నంబరు.

ఆ శుక్రవారం ఆమె యూనిఫాం రెండుసార్లు ఇస్త్రీ చేసుకుంది. డిపోకి వెళ్ళేసరికి కాగితం ముందు రోస్టరు బాబాయ్ నిలబడి ఉన్నాడు. డ్యూటీలు వేసే పెద్ద మనిషి. అద్దాలు తీసి తుడుస్తున్నాడంటే చెడ్డ కబురున్నట్టే.

“బాబాయ్, లేక్ గడి ఏదీ?”

“లేదమ్మా.”

“లేదంటే?”

“ఈ పొద్దుటి నుంచే బయట కంపెనీకి ఇచ్చేశారు. కాంట్రాక్టు. మనకి మనుషుల్లేరు కదా, అందుకని.”

“నేనున్నాగా! మనిషిని కానా నేను?”

“నువ్వొక్కదానివే ఎన్ని బస్సులు నడుపుతావు తల్లీ?”

“ఒక్కటే. అదే నడుపుతానంటున్నా.”

బాబాయ్ మళ్ళీ అద్దాలు తుడిచాడు. అప్పటికి అవి ఇంకా తుడిస్తే అరిగిపోయేలా ఉన్నాయి.

జోలక్క అరవలేదు. పెన్సిలు చేతిలోకి తీసుకుంది. కాగితమంతా పై నుంచి కింది దాకా చదివింది. ఒక్క గడిలోనూ చెయ్యి ఆగలేదు. కుర్చీ లాక్కుని, దారం ఎంత పొడుగుంటే అంత దూరంలో కూర్చుంది.

అప్పుడు తెలిసింది అందరికీ, రూల్సు పుస్తకంలో ఒక కన్నముందని. మొదటి నంబరు రాయనిదే రెండో నంబరు రాయకూడదు. మరి మొదటి నంబరు ఎంతసేపట్లో రాయాలి? ఆ మాట పుస్తకంలో ఎక్కడా లేదు. ఇన్నేళ్ళలో నిమిషం కంటే ఎక్కువ ఆలోచించిన మొదటి నంబరు ఎవరూ లేరు మరి. పాత డ్యూటీలు ఆదివారంతో అయిపోతాయి. సోమవారం ఎవరు ఏ బస్సు నడపాలో ఆ పెన్సిలు చెప్పాలి. పెన్సిలు జోలక్క ఒళ్ళో ఉంది.

రెండో నంబరు గేరు మామ ఆమె పక్కనే బల్ల మీద చతికిలబడ్డాడు. “అక్కా, అమ్మకి కంటి ఆపరేషనైంది. పొద్దున పూట చుక్కలు నేనే వెయ్యాలి. మధ్యాహ్నం షిఫ్టు కావాలి నాకు.”

“నీ షిఫ్టు నీకే ఉంటుంది మామా. నేను తీసుకోనుగా.”

“తీసుకోవు, తీసుకోనివ్వవు. మరి నేనేం చెయ్యను?”

“కాసేపు కూర్చో.”

“కూర్చుంటే నిద్రొస్తుందే నీ పక్కన!”

నిజంగానే వచ్చింది. పదకొండింటికి గేరు మామ గురక పెట్టాడు. ఆ వెనక మూడో నంబరు, నాలుగో నంబరు. మధ్యాహ్నానికి వంతు కోసం వచ్చినవాళ్ళంతా బల్లల మీదా టైర్ల మీదా ఒరిగిపోయారు. డిపో గడియారం కూడా ఆ పూట ఇరవై నిమిషాలు వెనకబడిందని చెప్పుకుంటారు. ఆ నిద్రల మధ్య జోలక్క ఒక్కతే కళ్ళు తెరుచుకుని, ఎదుటి గోడలో నీళ్ళు చూస్తూ కూర్చుంది.

జోలక్క ఇంకా ఆ కుర్చీలోనే ఉండగా, శనివారం పొద్దున పై ఆఫీసు నుంచి కొత్త రూలు వచ్చింది. ముద్ర తడి ఇంకా ఆరకముందే బాబాయ్ దాన్ని చదివాడు. మధ్యాహ్నం పన్నెండింటి లోపల రాయకపోతే మొదటి నంబరు, తొంభై మూడో నంబరవుతుంది.

“పదిహేడేళ్ళమ్మా,” అన్నాడు బాబాయ్. “ఏదో ఒక గడిలో గీసెయ్. నీకు దండం పెడతా.”

జోలక్క లేచింది. చేతిలో పెన్సిలు చెమటకు తడిసింది. గోడ దగ్గరకు వెళ్ళింది కూడా. మైదానం చుట్టూ తిరిగే బస్సు గడి మీద పెన్సిలు మొన ఆనించింది. ఆ చుక్క ఇప్పటికీ కాగితం మీద ఉందట. మళ్ళీ వచ్చి కూర్చుంది.

పదకొండు దాటాక కాంట్రాక్టు కంపెనీ మేనేజరు వచ్చాడు. ఎండలోనూ కోటు విప్పడు కాబట్టి కోటాయన. వస్తూనే కుర్చీలో కూలబడ్డాడు.

“నువ్వేనా అమ్మా జోలక్కవి? నా దగ్గర పదకొండు బస్సులున్నాయి, నలుగురు డ్రైవర్లున్నారు. నిన్న నేనే నడిపాను. దారి తప్పాను. నలభై మందికి లాండ్రీ వెనక దొడ్డి చూపించుకొచ్చాను.”

“బాగుందన్నారా?”

“ఒకావిడ ఫొటో తీసుకుంది. అది కాదు గానీ, ఇక్కడ రాజీనామా ఇచ్చి మా దగ్గర చేరు. రేపే లేక్ రూటు నీది.”

డిపో మొత్తం నిద్ర లేచింది. గేరు మామ గురక సగంలో మింగాడు.

“రేపు సరే,” అంది జోలక్క. “ఎల్లుండి?”

“మా దగ్గర ఏ రోజుకారోజే అమ్మా. సాయంత్రం ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఎవరు ఎక్కడో అది చెబుతుంది.”

“గోడ మీద కాగితం ఉండదా?”

“ఉండదు.”

“మరి నాది అని ఎట్లా అన్నారు?”

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేనంత అలిసిపోయి ఉన్నాడు కోటాయన పాపం. అంతలో బాబాయ్ టేబుల్ మీద ఫోను మోగింది. లేక్ హోటలు. బస్సు రాక, వాళ్ళ అతిథులు పెట్టెలు లాక్కుంటూ గట్టు మీద నడిచి వస్తున్నారట, చీమల బారులా. ఒక తాత పెట్టె నీళ్ళలో పడి తేలుతూ పోతోందట.

జోలక్క లేచి నిలబడింది.

“బస్సు మీ దగ్గరుంది, మనిషి మా దగ్గరుంది. ఆ గడి ఈ కాగితం మీద పెట్టండి. మీ బస్సు నేను నడుపుతాను, నా నంబరుతో.”

“అలాంటిది ఎక్కడా లేదమ్మా,” అన్నాడు బాబాయ్.

“నిన్నటిదాకా పన్నెండు గంటల రూలు మాత్రం ఉందా?”

బాబాయ్ పైకి ఫోను చేశాడు. కోటాయన ఆ ఫోను లాక్కుని తనూ మాట్లాడాడు. ఆ తరువాత మళ్ళీ బాబాయ్. పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా పైవాళ్ళు సరేనన్నారు. బాబాయ్ స్కేలు పెట్టి కాగితం అడుగున ఒక గడి గీశాడు. తొందరలో స్కేలు జరిగి అది కాస్త వంకర పోయింది. దాని మీద ఎర్ర సిరాతో రాశాడు: లేక్ రూటు, ఆరు నెలలు మాత్రమే.

“ఆ చివరి మాట ఎందుకు బాబాయ్?”

“అది లేకపోతే ఒప్పుకోలేదమ్మా వాళ్ళు.”

జోలక్క వంగి, ఇన్నాళ్ళూ రాసే ‘జోలక్క’కు బదులు తన అసలు పేరు రాసింది. డిపోలో అందరూ మెడలు సాచి చదివారు. ఇన్నాళ్ళూ ఇలాంటి పేరున్న మనిషి తమ మధ్య తిరిగిందా అని నోరెళ్ళబెట్టారు. గేరు మామ మాత్రం ఆగలేదు. పెన్సిలు లాక్కుని తన గడిలో పేరు గీకి, అమ్మ దగ్గరకు పరుగెత్తాడు.

సోమవారం పొద్దున మంచు పడింది. కొత్త బస్సు, ప్లాస్టిక్ వాసన, కొత్త చెప్పుల్లా కరిచే సీటు. లేక్ హోటలు దగ్గర నలభై మంది ఎక్కారు. గట్టు ఎదురొచ్చింది. జోలక్క బస్సును నీళ్ళ మధ్యకు ఎక్కించింది.

ఏం కనబడింది? రోడ్డు కనబడింది. మధ్యలో తెల్లగీత, అటు పది జానల తారు, ఇటు పది జానల తారు. తల ఒక్క వేలెడు తిప్పితే చక్రం గట్టు అంచు తొక్కుతుంది. పదిహేడేళ్ళు కలగన్న సరస్సు కుడి చెవి పక్కనా ఎడమ చెవి పక్కనా ఉందని తెలుస్తూనే ఉంది. చూడటానికి మాత్రం వీల్లేదు.

ఆ సాయంత్రం మొగుడు ఎలుగుబంటి తల దువ్వుతూ అడిగాడు. “ఎట్లా ఉందే నీ సరస్సు?”

“చూళ్ళేదయ్యా. రోడ్డు చూశాను.”

“ఒరే దేవుడా! ఒక రోజు సెలవు పెట్టి పాసింజరులా ఎక్కు, కళ్ళ నిండా చూసుకో.”

“నేను సెలవు పెడితే ఆ బస్సు ఎవరు నడుపుతారు?”

“కోటాయన?”

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నవ్వి నవ్వి జోలక్క కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. అందులో ఎన్ని చుక్కలు నవ్వువో మొగుడు అడగలేదు.

మరునాడు రెండో ట్రిప్పుకు మంచు విడిపోయి ఎండ వచ్చింది. గట్టు సగం దాటాక, పాసింజర్లు ఎట్లా ఉన్నారోనని ఆమె లోపలి అద్దంలోకి ఒక్క చూపు విసిరింది. నలభై మందీ నిద్రపోతున్నారు. వాళ్ళ నెత్తి మీద, బస్సు పైకప్పు నిండా, సరస్సు ఆడుతోంది. కిటికీల్లోంచి ఎగిరొచ్చిన వెలుగు అలలు అలలుగా తెల్లటి రేకు మీద పరిగెడుతోంది. నిద్రపోయే మొహాల మీదికి జారి, చెంపలు తడిమి, మళ్ళీ పైకెక్కుతోంది. ఒక ముసలాయన బట్టతల మీద కాసేపు ఆగింది. ఒక పాప నిద్రలోనే దాన్ని పట్టుకోబోయి పిడికిలి బిగించింది.

జోలక్క కాలు దానంతటదే మెత్తబడింది. బస్సు నడక వేగానికి వచ్చింది. రెండు చూపులు రోడ్డుకి, ఒక చూపు అద్దానికి. బస్సు ఎక్కడుందో కనిపెట్టడానికి కాంట్రాక్టువాళ్ళు పెట్టిన యంత్రం పక్కనుంచి కీచుకీచుమంది. ఆ వెంటనే అందులోంచి కోటాయన గొంతు వచ్చింది.

“అమ్మా, గట్టు మీద ఆగిపోయావా? ఏమైనా ఇబ్బందా?”

“లేదండీ,” అంది జోలక్క, గొంతు తగ్గించి. “పాసింజర్లు పడుకున్నారు. మెల్లగా వస్తున్నా.”